చూసినవాళ్ల సంతకం

మా కాలేజీలో నన్ను చాటుగా రూల్సమ్మ అంటారు. చాటుగా అనుకుంటున్నామని వాళ్ల నమ్మకం, నాకు మొదటి నుంచీ తెలుసు. ముప్పై మూడేళ్లుగా ఈ ఉపాధ్యాయ శిక్షణ కాలేజీ ఆఫీసులో పనిచేస్తున్నాను. ప్రవేశాల ఫైళ్లు, హాజరు పట్టీలు, ఎవరు ఏ టర్ములో ఎంతవరకు వచ్చారన్న లెక్కలు అన్నీ నా చేతిమీదుగానే వెళ్లాలి. టీచరు కావాలనుకునే ప్రతి మనిషీ మొదట నా కిటికీ ముందు నిలబడాల్సిందే. ఒక్క కాగితం తక్కువైనా వెనక్కి పంపిస్తాను. తిట్టుకుంటారు, తిట్టుకోనీ. రేపు వీళ్ల చేతుల్లో పిల్లల్ని పెట్టాలి. నాలుగు కాగితాలు వరసగా పెట్టుకోవడం చేతకాని మనిషి నలభై మంది పిల్లల్ని ఏం చూసుకుంటుంది?

మా చెల్లెలు కూడా ఆ కిటికీ ముందే నిలబడింది. ఇది దాని కథ. నా కథ కాదని చెప్పుకుందామని చాలా చూశాను గానీ కుదరలేదు.

దానికీ నాకూ పదహారేళ్ల తేడా. అమ్మ పోయేనాటికి దానికి ఆరేళ్లు. జడలు వేసింది నేను, బడికి దిగబెట్టింది నేను, మార్కుల కార్డు మీద అమ్మ పెట్టాల్సిన చోట సంతకం పెట్టింది నేను. ఇంట్లో దాన్ని వసపిట్ట అంటాం. కళ్లు తెరిచింది మొదలు నోటికి విశ్రాంతి ఇవ్వదు. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే, "నా మాటల మధ్య కాస్త సందు దొరికితే కదా, ఎవరైనా అడగడానికి!" అని పకపకా నవ్వేది. మాతోనే ఉంటుంది. మా ఆయనకి అది మరదలి కంటే కూతురే ఎక్కువ. ఇద్దరూ ఒకచోట చేరారంటే నన్ను ఆటపట్టించడమే పని.

పద్నాలుగేళ్లు అది కళ్లజోళ్ల దుకాణంలో పనిచేసింది. వచ్చినవాళ్లని అక్షరాల బోర్డు ఎదురుగా కూర్చోబెట్టి, ఒక కన్ను మూయించి చదివించడం దాని ఉద్యోగం. ఒకరోజు ఒకావిడ ఏడేళ్ల కూతుర్ని తీసుకొచ్చింది. ఆ పిల్ల అన్నిటికంటే పైనున్న బండ అక్షరం కూడా చెప్పలేకపోయింది. తల్లి లబోదిబోమంది. మా వసపిట్టకి ఏదో అనుమానం వచ్చి, పిల్లని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి ఎదురు మేడ మీద ఏం కనిపిస్తోందో చెప్పమంది. పావురం ఉందంది పిల్ల. పావురం కాలికి దారం చుట్టుకుని ఉందని కూడా చెప్పింది. కళ్లు నిక్షేపంగా ఉన్నాయి. రానివి అక్షరాలు. రెండేళ్లుగా బడికి వెళ్తోంది, ఒక్కరంటే ఒక్కరు కనిపెట్టలేదు.

ఆ రోజు అది ఇంటికొచ్చి భోజనం చేయలేదు.

"అక్కా, నేను టీచర్నవుతాను" అంది.

"ఈ వయసులో ఇదేం బుద్ధి?" అన్నాను.

"వయసుకేం వచ్చింది? నలభై నిండకూడదు, అంతే కదా నీ రూలు? నాకింకా నిండలేదు" అంది.

నిజమే. కోర్సు మొదలయ్యే రోజుకి నలభై నిండకూడదన్నది మా ప్రవేశ నిబంధనల్లో అన్నిటికంటే గట్టిది. మిగతావి ఎలాగోలా సర్దుకోవచ్చు. డిగ్రీలో సగానికి పైగా మార్కులుండాలి, దానికి దూరవిద్యలో వచ్చాయి. పది రోజులు ఏదైనా బడిలో కూర్చుని చూసొచ్చినట్టు కాగితం కావాలి, సెలవు పెట్టి కూర్చుంది. ఆరోగ్య పరీక్ష, ఇంటర్వ్యూ అన్నీ గట్టెక్కింది. నలభై నిండడానికి సరిగ్గా పదిహేడు రోజులుండగా చేరింది. అంటే, ఒకసారి జారితే మళ్లీ చేరే దారి లేదు. తీసేసినవాళ్లు కొత్తగా దరఖాస్తు పెట్టుకోవాలి, కొత్త దరఖాస్తుకి వయసు అడ్డం.

దాని దరఖాస్తు నేను రెండుసార్లు తిప్పి పంపాను. ఫొటో మీద సంతకం లేదని ఒకసారి, చిరునామాలో ఇంటి నంబరు రాయలేదని ఒకసారి.

"మన ఇంటి నంబరు నీకు తెలీదా అక్కా?" అంది కిటికీలోంచి తల పెట్టి.

"ఇక్కడ నాకేమీ తెలీదు. రాసి తీసుకురా" అన్నాను.

వరసలో ఉన్నవాళ్లంతా నవ్వారు. ఎందుకు అబద్ధం చెప్పాలి, నాకు గర్వంగా అనిపించింది. సొంత చెల్లెలికి కూడా మినహాయింపు లేదని పదిమందికీ తెలిసింది కదా. ప్రిన్సిపాలు గారికి అంతకుముందే చెప్పాను, ఈవిడ నా చెల్లెలండీ అని. ఆయన నవ్వి, "అయ్యో, అయితే ఆవిడ పని అయిపోయిందమ్మా" అన్నారు.

ఆ రోజే ఇంట్లో కూడా ఒక కట్టడి పెట్టాను. ఆఫీసు మాటలు గడప లోపలికి రాకూడదు. ఏదైనా ఉంటే కిటికీ దగ్గరికి రావాలి, కాగితం మీద రాసివ్వాలి. "చిత్తం దొరసానీ" అని మా ఆయన, అది ఇద్దరూ కలిసి దండం పెట్టారు.

రెండేళ్ల కోర్సు, నాలుగు టర్ములు. మూడు టర్ములు అది చక్కగా దాటింది. హాజరు తగ్గలేదు, పరీక్ష తప్పలేదు. నాలుగో టర్ము అసలైనది. ఒకే బడిలో, ఒకే తరగతికి అరవై పాఠాలు చెప్పాలి. చెప్తున్నంతసేపూ ఆ తరగతి టీచరు వెనక బల్ల మీద కూర్చుని చూడాలి. అదే రోజు రికార్డు పుస్తకంలో సంతకం పెట్టాలి. ఎవరూ చూడని పాఠం, పాఠం కిందకి రాదు. తరగతి టీచరు మూడు రోజులకు మించి రాకపోతే వారంలోపు ఆఫీసుకి తెలియజేయాలి, ఆఫీసు ఇంకొకరిని పంపుతుంది. తెలియజేయకుండా పాఠాలు తక్కువైతే పేరు తీసేస్తారు.

ఆ నిబంధన పుట్టించింది నేనే. ఆరేళ్ల కిందట కొందరు ఒక్క పాఠమూ చెప్పకుండా అరవై సంతకాలు ఒక్కరోజే పెట్టించుకొచ్చారు. సిరా రంగు చూసి పట్టుకున్నాను. అప్పుడు కూర్చుని, ప్రతి మాటా తూచి రాసి, ప్రిన్సిపాలు గారి చేత ఒప్పించాను.

మా చెల్లెలికి మూడో తరగతి ఇచ్చారు. ఆ తరగతి టీచరు పెద్దావిడ, మంచి మనిషి. ఇరవై ఏడు పాఠాలు వెనక కూర్చుని శ్రద్ధగా చూసింది. ఇరవై ఎనిమిదో రోజు ఆవిడ స్నానాల గదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. బడిలో వేరే మనిషి లేదు. హెడ్మాస్టరు మా చెల్లెల్ని పిలిచి, "మీరున్నారు కదమ్మా, తరగతి మీరే చూసుకోండి" అన్నాడు. ఇది పొంగిపోయింది. నలభై మంది పిల్లలు, తను ఒక్కతే, వెనక బల్ల ఖాళీ.

నాలుగు రోజులయ్యాక ఆదివారం వచ్చింది. నేను వంటింట్లో కూరగాయలు తరుగుతున్నాను, మా ఆయన గుమ్మంలో కూర్చుని పేపరు చదువుతున్నాడు. ఇది వచ్చి నా పక్కన చతికిలబడింది.

"అక్కా, మా టీచరుకి తుంటి విరిగింది తెలుసా! బుధవారం నుంచి క్లాసంతా నాదే. ఇక ఈ టర్ముకి ఆవిడ రారట."

నా చెయ్యి ఆగింది. వారంలోపు తెలియజేయాలన్న మాట ఠక్కున బుర్రలో మెదిలింది. మెదిలినా నా నోటి నుంచి వచ్చింది వేరు.

"ఇంట్లో ఆఫీసు కబుర్లు వద్దని ఎన్నిసార్లు చెప్పాలి నీకు?"

"సర్లే సర్లే, కోప్పడకు. నీకు చెప్పాను కదా, ఇక నాకే బెంగా లేదు" అంది. అని ఒక క్యారెట్ ముక్క నోట్లో వేసుకుని వెళ్లిపోయింది.

ఇక్కడే ఉంది అసలు సంగతి. దాని దృష్టిలో ఆఫీసంటే నేను. ఆరేళ్ల పిల్లప్పటి నుంచి అది ఏ కష్టమొచ్చినా నాకొచ్చి చెప్పింది, నేను చూసుకున్నాను. నాకు చెప్పడమంటే ఆఫీసుకి చెప్పేసినట్టే అనుకుంది. నేనేమో, సోమవారం అది అందరిలాగే కాగితం రాసుకుని కిటికీ దగ్గరికి వస్తుందనుకున్నాను. సోమవారం రాలేదు. మంగళవారం రాలేదు. "చంటిపిల్లా ఏమన్నానా? నిబంధనల పుస్తకం చేతికిచ్చాం, చదువుకోవద్దూ?" అని లోపల చిరాకు పడ్డాను. ఇంట్లో రోజూ ఎదురుగానే తిరుగుతోంది. ఒసే, కాగితం రాసివ్వవే అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. నేను పెట్టిన కట్టడి నేనే ఎలా దాటుతానన్న పొగరు. ఆ వారమే కొత్త ప్రవేశాల దరఖాస్తులు వచ్చిపడ్డాయి, వాటిలో మునిగిపోయాను. మళ్లీ గుర్తొచ్చేసరికి గడువు దాటి రెండు రోజులైంది. అప్పుడు కాగితం తీసుకుంటే చెల్లెలి కోసం తేదీ మార్చిందంటారని భయపడ్డాను. ఏదో ఒకటి అవుతుందిలే అని ఊరుకున్నాను. ముప్పై మూడేళ్లలో ఏదో ఒకటి అవుతుందిలే అని నేను వదిలేసిన ఫైలు అదొక్కటే.

ఆ ముప్పై మూడు పాఠాలూ అది చెప్పింది. ఎలా చెప్పిందో తర్వాత హెడ్మాస్టరు నాతో అన్నాడు. వెనక వరసలో ఎప్పుడూ నిద్రపోయే ఇద్దరు పిల్లల్ని ముందుకి తెచ్చుకుందట, వాళ్లు టర్ము ఆఖరుకి వాక్యాలు రాస్తున్నారట.

రికార్డు పుస్తకం నా బల్ల మీదకి వచ్చింది. ఇరవై ఏడు సంతకాలు. ఆ తర్వాత ముప్పై మూడు చోట్ల సంతకం ఉండాల్సిన గడిలో దాని గుండ్రటి చేతిరాతతో ఒకటే మాట: "తరగతి టీచరు సెలవులో ఉన్నారు. నేను చెప్పాను." ఆసుపత్రిలో ఉన్న ఆవిడ కబురు కూడా పంపిందట, పుస్తకం తీసుకురా, అన్నిటికీ పెట్టేస్తానని. "మీరు చూడలేదు కదా టీచర్" అని ఇది వద్దందట. అడ్డదారిన సంతకాలు పెట్టించుకుంటే సిరా రంగు చూసి పట్టుకునేదాన్ని నేనే కదా. తెలిసి వద్దందో, తెలియక వద్దందో గానీ, ఆ మాట విన్నప్పుడు నాకు దాని మీద ఎంత ప్రేమ కలిగిందో అంత ఏడుపూ వచ్చింది.

టర్ము ఆఖరున ఎవరిని ఉంచాలో, ఎవరిని తీసేయాలో తేల్చే ప్రగతి కమిటీ కూర్చుంది. పొడుగాటి బల్ల, ఒక చివర ప్రిన్సిపాలు గారు, పక్కన పాఠాల పర్యవేక్షణ చూసే లెక్చరర్, ఇంకో చివర తీర్మానాల పుస్తకంతో నేను. ఆ రోజు మొత్తం తొమ్మిది ఫైళ్లు, దానిది రెండోది. ఒక్కో పేరూ చదవాల్సింది నేనే. దాని పేరు చదివాను, లోపలికి పిలిచారు. ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చి కుర్చీ అంచున కూర్చుంది.

ప్రిన్సిపాలు గారు పుస్తకం మొదటి నుంచి చివరి దాకా తిరగేశారు.

"నువ్వు పాఠాలు చెప్పావనడంలో నాకు అనుమానం లేదమ్మా. కానీ చూసినవాళ్లు లేరు. ఆఫీసుకి ఎందుకు తెలియజేయలేదు?"

అది నా వైపు చూడలేదు. "నాకు ఆ రూలు సరిగ్గా అర్థం కాలేదండీ" అంది.

"పోనీ, రాసివ్వకపోయినా ఆఫీసులో ఎవరికైనా నోటిమాటగా చెప్పావా?" అని లెక్చరర్ అడిగాడు. "ఒక్కరికి చెప్పినా చాలు. సమాచారం అందిందని రాసుకుని, ఆ ముప్పై మూడూ వచ్చే టర్ములో మళ్లీ చెప్పుకోమని గడువిస్తాం. గుర్తు తెచ్చుకుని చెప్పండి."

పెన్ను నా వేళ్ల మధ్య ఉంది. అప్పుడు అది నా వైపు చూసింది. ఒక్క క్షణం చూసి ఉంటుంది, అంతే. నేను తల దించుకున్నాను. నాకు చెప్పిందండీ అని నేను అనాలి. అంటే వెంటనే ఏమడుగుతారో నాకు తెలుసు: మరి మీరేం చేశారమ్మా? మీకు రూలు తెలుసు కదా? ముప్పై మూడేళ్లుగా నేను ఈ బల్ల దగ్గర అందరినీ అడిగిన ప్రశ్న నన్నే అడుగుతారు.

"లేదండీ. ఎవరికీ చెప్పలేదు" అంది మా చెల్లెలు.

ప్రిన్సిపాలు గారు నిట్టూర్చారు. "రాయండమ్మా" అన్నారు నాతో. రాశాను. అభ్యర్థిని ఆఫీసులో ఎవరికీ తెలియజేయలేదు. నిబంధన ప్రకారం పేరు తొలగించడమైనది. అక్షరాలు ఎక్కడా వంకర పోలేదు. అది లేచి అందరికీ నమస్కారం పెట్టి వెళ్లిపోయింది. మిగతా ఏడు ఫైళ్లూ ఒంటిగంటలోపు అయిపోయాయి.

సాయంత్రం ఇంటికెళ్లేసరికి అది తన గదిలో పడుకుని ఉంది. మా ఆయన గుమ్మంలోనే ఆపాడు.

"తీసేశారట కదా?"

"ఊఁ."

"ఎవరికీ చెప్పలేదనా? ఆ ఆదివారం వంటింట్లో చెప్పింది కదే నీకు! నేను అక్కడే ఉన్నాను."

నేను వంగి చెప్పులు విప్పుకున్నాను. ఆయన నన్నే చూస్తూ నిలబడ్డాడు. మా పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన నన్ను అలా చూడడం అదే మొదటిసారి. ఇంట్లో మాటలు పడిపోయాయి. అది తింటోంది, గిన్నెలు తోముతోంది, అడిగినదానికి జవాబిస్తోంది, అంతే. వసపిట్ట ఉన్న ఇల్లు అలా ఉండడం ఎంత భయంగా ఉంటుందో నాకు అప్పుడు తెలిసింది.

నాలుగో రోజు ప్రిన్సిపాలు గారి గదిలోకి వెళ్లాను. నిలబడే చెప్పాను, అంతా చెప్పాను. ఆదివారం, వంటింట్లో, నా చెవులతో విన్నాను అని. ఏడ్చాను కూడా. ముప్పై మూడేళ్లలో ఆ గదిలో నేను ఏడవడం ఎవరూ చూడలేదు. ఆయన పాపం లేచి నిలబడ్డారు.

"మీటింగులో చెప్పి ఉంటే అయిపోయేది కదమ్మా! తీసేసినవాళ్ల జాబితా నిన్న రాష్ట్ర శిక్షణ బోర్డుకి వెళ్లిపోయింది. బోర్డుకి వెళ్లాక మన చేతిలో ఏముంటుంది?"

నిజమే. కమిటీ కూర్చున్న మూడు రోజుల్లోపు జాబితా బోర్డుకి చేరాలి. ఈ విషయం ఆ కాలేజీలో అందరికంటే బాగా తెలిసినదాన్ని నేను. ముందురోజు ఆ కవరు అంటించి, పైన చిరునామా రాసి పంపింది కూడా నేనే. ధైర్యం వచ్చాకే వెళ్లానని అప్పుడు అనుకున్నాను. ఇక ఏమీ మారదని ఖాయమయ్యాకే నాకు ధైర్యం వచ్చిందని ఇప్పుడు అనుకుంటున్నాను. అయినా బోర్డుకి ఒక ఉత్తరం రాశాను, తప్పు నాదని. వయసు నిబంధన సడలించలేమని రెండు వాక్యాల్లో జవాబొచ్చింది.

ఆ జవాబు వచ్చిన మర్నాడు ఆదివారం. అది డాబా మీద దుప్పట్లు ఆరేస్తోంది. నేను మెట్లెక్కి వెళ్లాను. దుప్పటి రెండో చివర పట్టుకున్నాను. ఇద్దరం పిండి, దులిపి, తాడు మీద వేశాం.

"ప్రిన్సిపాలుకి చెప్పాను. నువ్వు నాకు చెప్పావని" అన్నాను.

"బావ చెప్పాడు" అంది.

"బోర్డుకి కూడా రాశాను. కుదరదన్నారు."

"కుదరదులే అక్కా. రూలు కదా." వెటకారం లేదు ఆ మాటలో. ఉంటే బాగుండేది.

"ఆ రోజు ఎవరికీ చెప్పలేదని ఎందుకన్నావే? నాకు చెప్పావు కదా. చెప్పానని ఒక్క మాట అంటే నీ బతుకు నిలబడేది కదే!" నా గొంతు పెద్దదైంది. కోపం ఎవరి మీదో తెలియడం లేదు.

అది దుప్పటికి క్లిప్పులు పెడుతూ నెమ్మదిగా అంది. "నువ్వు తల దించుకున్నావు. నీ ముఖం పాలిపోయింది. ఇంకో రెండేళ్లలో రిటైరవుతావు, ఇప్పుడు నిన్ను నలుగురిలో నిలబెట్టి అడుగుతారని భయమేసింది. నా నోటితో ఎలా చెప్పను?"

నేను అక్కడే గోడకి ఆనుకుని కూర్చుండిపోయాను. అది ఇంకో దుప్పటి తీసుకోలేదు. నా ముందు గొంతుకూర్చుంది.

"నేను లేదన్నా నువ్వు ఊరుకోవనుకున్నాను అక్కా. అందుకే బయటికొచ్చాక వెంటనే వెళ్లలేదు. తలుపు పక్కనే నిలబడ్డాను, నువ్వు పిలుస్తావని. లోపల మాటలు బయటికి బాగానే వినిపిస్తాయి."

"ఏం వినిపించింది?" అన్నాను.

"నువ్వు తర్వాతి పేరు చదివావు" అంది.